కాఫీమరలో గోధుమలు

ఫిబ్రవరి 7 లారా ఇంగల్స్ వైల్డర్ పుట్టినరోజు. 1867లో పుట్టిన ఆమె, తొంభై ఏళ్లు నిండిన మూడో రోజున, 1957లో కన్నుమూసింది. ‘లిటిల్ హౌస్’ పుస్తకాలు చదివినవాళ్లకు ఆమెను పరిచయం చేయనక్కర్లేదు. ఆ పుస్తకాల వెనక ఉన్న కాగితాల గురించి రాయాలని మాత్రం నాకు చాలాకాలంగా కోరిక. పెన్సిలు రాతలు, భూమి పత్రాలు, తల్లీకూతుళ్ల ఉత్తరాలు, ఇంట్లో చిన్నపిల్ల రాసుకున్న డైరీ. అమెరికాలోని సౌత్ డకోటాలో డి స్మెట్ అనే చిన్న ఊరు ఎలా పుట్టిందో ఒక్క కుటుంబం దాచుకున్న ఈ కాగితాల్లో దొరుకుతుంది.

ఊరికి ముందు ఆ గడ్డిమైదానాలు డకోటా ప్రజలవి. వందల ఏళ్ల వాళ్ల బతుకు ఇంగల్స్ కుటుంబం కాగితాల్లో ఎక్కడా ఉండదు. 1803లో ఫ్రాన్స్ ఆ ప్రాంతాన్నంతా అమెరికాకు అమ్మేసినప్పుడు అక్కడ ఉంటున్నవాళ్లను ఎవరూ అడగలేదు. ఆ తర్వాత ఒప్పందం మీద ఒప్పందం రాయించుకుని నేలను కొంచెం కొంచెంగా లాక్కున్నారు. 1862లో హోమ్‌స్టెడ్ చట్టం వచ్చింది. ఐదేళ్లు కాపురముండి సాగు చేస్తే 160 ఎకరాలు సొంతమయ్యేవి. 1879లో రైలుమార్గం పనులతోపాటే లెక్కలు రాసే ఉద్యోగం మీద లారా తండ్రి చార్లెస్ ఇంగల్స్ భార్యాపిల్లలతో వచ్చాడు. మరుసటేడు ఊరు వెలిసింది. బెల్జియం నుంచి వచ్చిన మతగురువు ఫాదర్ డి స్మెట్ పేరు దానికి పెట్టారు. చార్లెస్ పొలం పత్రాలు ఇప్పటికీ అమెరికా జాతీయ పురాభిలేఖాలయంలో ఉన్నాయి.

ఇక ‘ది లాంగ్ వింటర్’ నవలలో నాకెంతో ఇష్టమైన ఘట్టానికి వస్తాను.

1880 అక్టోబరు మధ్యలోనే మంచుతుపాను విరుచుకుపడింది. చార్లెస్ కుటుంబాన్ని పొలం నుంచి ఊళ్లోని తన కొట్టు ఇంటికి మార్చాడు. తుపాను వెనక తుపాను. రైలుపట్టాల కోసం తవ్విన లోతు దారులన్నీ మంచుతో పూడిపోయాయి. మనుషులు పారలతో తవ్విపోస్తే ఆ రాత్రికే మళ్లీ నిండేవి. జనవరిలో రైళ్లు ఆగిపోయాయి. మళ్లీ రైలు కూత వినపడింది మే నెలలో. చెట్టూ చేమా లేని ఆ చోట బొగ్గు, కిరసనాయిలు, పిండి అన్నీ రైల్లోనే రావాలి.

బొగ్గు అయిపోయాక గడ్డి కాల్చారు. ఊరికే వేస్తే భగ్గుమని ఆరిపోతుంది. అందుకే మన రైతులు వరిగడ్డితో వెంటి పేనినట్టు, చార్లెస్, లారా చల్లటి కొట్టంలో నిలబడి గడ్డిని పురి పెట్టి, కట్టెపుల్లల్లా చేసి పొయ్యిలో పెట్టారు. పొద్దున్నుంచి రాత్రిదాకా అదే పని. అరచేతులు కోసుకుపోయేవి. పిండి లేదు, గోధుమలున్నాయి, మర లేదు. కాఫీగింజలు పొడిచేసుకునే చిన్న మర ఇంట్లో ఉంది. దాంట్లో గోధుమలు పోసి వంతులవారీగా తిప్పారు. ఒక పూట రొట్టె కోసం ఎన్ని గంటలో! పెద్దమ్మాయి మేరీకి అంతకు ముందేడే చూపు పోయింది. చూపు అక్కర్లేని పని కాబట్టి ఆమె కూడా తిప్పింది. ఆ పేజీలు చదివినప్పుడల్లా మా అమ్మమ్మ తిరగలి చప్పుడు చెవిలో పడుతుంది నాకు.

గోధుమలూ అడుగంటాయి. అప్పుడు ఆల్మంజో వైల్డర్, కాప్ గార్లండ్ అనే ఇద్దరు కుర్రవాళ్లు ఎక్కడో ఓ రైతు దగ్గర గోధుమలున్నాయన్న మాట పట్టుకుని, మంచులో బళ్లు తోలుకుంటూ వెళ్లి తెచ్చారు. నవలలో లెక్క అరవై బుషెళ్లు, బుషెలుకు డాలరుంపావు. కొట్టు యజమాని మూడు డాలర్లు చెబితే ఊరు ఎదురు తిరిగింది. నాలుగేళ్ల తర్వాత లారా పెళ్లి చేసుకున్నది ఆ ఆల్మంజోనే.

‘ది లాంగ్ వింటర్’ నవల 1940లో వచ్చింది. దానికి పదేళ్ల ముందే, 1930 ప్రాంతంలో, బడిపిల్లల రూళ్ల పుస్తకాల్లో లారా పెన్సిలుతో తన జీవితకథ రాసింది. పేరు ‘పయొనీర్ గర్ల్’. అందులో నవల చెప్పని సంగతి ఒకటుంది. ఆ శీతాకాలమంతా ఇంగల్స్ ఇంట్లో జార్జ్, మాగీ అనే యువ దంపతులు కూడా ఉన్నారు. మాగీ అక్కడే ప్రసవించింది. జార్జ్ పొయ్యి దగ్గర చోటు వదిలేవాడు కాదు, అందరికంటే ముందు తినేవాడు. నవల రాసేటప్పుడు లారా వాళ్లను తీసేసింది. వాళ్లుంటే కథ చెడుతుందని కూతురు రోజ్‌కు ఉత్తరంలో చెప్పింది. నవలలో కుటుంబం ఒంటరిగా మంచుతో పోరాడింది. పెన్సిలు రాతలో అదే ఇరుకింట్లో వేరే దంపతులూ, ఒక పసికందూ, సర్దుకుపోతూ విసుక్కుంటూ బతికిన లారా తల్లి. నాకు రెండోదే దగ్గరగా అనిపిస్తుంది.

లారా చిన్న చెల్లెలు గ్రేస్ డైరీ చదివితే మనసు చివుక్కుమంటుంది. లారాకు పుట్టిన కొడుకు 1889 ఆగస్టులో పోవడం, కొద్ది రోజులకే ఇల్లు కాలిపోవడం, రెండూ పన్నెండేళ్ల పిల్ల చేతిరాతలో ఉన్నాయి. లారా బతికుండగా అచ్చయిన నవలల్లో ఆ బిడ్డ లేడు.

1894లో లారా దంపతులు డి స్మెట్ వదిలి మిస్సోరి వెళ్లిపోయారు. కాగితాలు కూడా చెదిరాయి. కొన్ని రాతప్రతులు మిస్సోరిలో, ఇంకొన్ని డెట్రాయిట్ గ్రంథాలయంలో, ఒకటి కాలిఫోర్నియాలోని పొమోనాలో. రోజ్ కాగితాలు అయోవాలో, హెర్బర్ట్ హూవర్ అధ్యక్ష గ్రంథాలయానికి చేరాయి. హూవర్ జీవితచరిత్ర రాసింది ఆమే. 2013లో వైద్యులు కొందరు లారా ఉత్తరాలు, జ్ఞాపకాలు పరిశీలించి, మేరీ చూపు పోవడానికి నవల చెప్పిన స్కార్లెట్ ఫీవర్ కాదు, మెదడువాపు కారణమై ఉంటుందన్నారు. 2014లో ‘పయొనీర్ గర్ల్’ అచ్చయింది. 2018లో అమెరికా బాలసాహిత్య పురస్కారం నుంచి లారా పేరు తొలగించారు. స్థానిక తెగల గురించి ఆమె రాసిన మాటలే కారణం. ఆ నిర్ణయం సబబని నేను నమ్ముతాను. అయినా ఆ చలికాలపు పేజీలు మళ్లీ మళ్లీ తెరుస్తూనే ఉంటాను.

డి స్మెట్‌లో ఇప్పుడున్న జనం వెయ్యికి కాస్త ఎక్కువ. 1879 చలికాలం ఇంగల్స్ కుటుంబం తలదాచుకున్న సర్వేయర్ల ఇంటిని ఊరివాళ్లు పదిలంగా కాపాడుకున్నారు. ఊరి బయట చార్లెస్ పొలంలో, భార్య కోసమూ కూతుళ్ల కోసమూ ఆయన నాటిన కాటన్‌వుడ్ చెట్లు కొన్ని ఇంకా నిలబడే ఉన్నాయి.