జర్మను యుద్ధపతకములు: వయస్సు, ప్రామాణ్యము

ఒక ఇనుప శిలువ. ముఖమున 1939 అనియు, వెనుక 1813 అనియు అంకెలు కలవు. నడుమ మూడు ఓకు ఆకులు కలవు. ఇది ఏనాటిది? అంకెలను మాత్రమే చూచినవాడు 1939 నాటిదనును. కాని ఈ రూపముగల శిలువ 1957కు పూర్వపుది కాదు. దానిపై నున్న రెండు సంవత్సరములలో ఏదియు దాని వయస్సు కాదు. అయినను అది నకిలీయు కాదు. ఈ చిక్కు విడవలెనన్న ఆ పతకము పుట్టుపూర్వోత్తరములు తెలియవలెను.

నెపోలియనుపై పోరునకు సిద్ధపడుచు ప్రష్యా రాజగు మూడవ ఫ్రెడరిక్ విలియం 1813 మార్చి 10వ తేదీతో ఈ బిరుదును నెలకొల్పెను. సుప్రసిద్ధ వాస్తుశిల్పి షింకెల్ దానికి రూపు దిద్దెను. స్త్రీలు తమ బంగారు నగలను దేశమునకిచ్చి ఇనుప నగలను ధరించిన కాలమది. అందుచేత వెండిఅంచులో పొదిగిన నల్లని ఇనుమే గౌరవచిహ్నమైనది. సేనాని యనియు, సామాన్య సైనికుడనియు భేదము లేక అందరికిని అది ఈయదగినదై యుండెను. ఓకు ఆకులు ఆ తొలి రూపమునందే యున్నవి. 1870లోను, 1914లోను యుద్ధములు వచ్చినపుడు ఆయా సంవత్సరముల అంకెలతో శిలువ పునరుద్ధరింపబడెను.

1939 సెప్టెంబరు 1వ తేదీన, పోలెండుపై దండెత్తిన నాడే, హిట్లరు దానిని మరల పునరుద్ధరించి నడుమ నాజీ స్వస్తికమును నిలిపెను. భారతీయులకు మంగళకరమగు చిహ్నము ఆ విధముగ ఐరోపాలో మారణహోమమునకు గురుతైనది. ఆ యుద్ధమున రెండవ తరగతి శిలువలే ఇరువది లక్షలకు పైగా ఈయబడినవి.

1945లో జర్మనీ ఓడిపోయెను. విజేతలగు నాలుగు రాజ్యముల నియంత్రణ మండలి ఆ సంవత్సరాంతముననే సైనిక పతకములను ధరించుటను నిషేధించెను. ఎన్నియో పతకములు బాంబులకు కూలిన ఇండ్లలో నశించినవి. కొన్నిటిని భయముచే పారవైచిరి. కొన్నిటిని బందీల యెదలనుండి విజేతలు జ్ఞాపకచిహ్నములుగా గైకొనిరి.

1955లో పశ్చిమ జర్మనీకి క్రొత్త సైన్యమేర్పడగా పాత సైనికులు పలువురు అందు చేరిరి. వారు తమ పూర్వపు పతకములను ధరింపవచ్చునా? సాహసము సైనికునిది, పాపము పాలకునిది, రెంటిని వేరుచేయవలెనని కొందరనిరి. ఆ పాలకుని కొరకు చేసిన యుద్ధమునుండి ఆ సాహసమును వేరుచేయుట సాధ్యమా యని మరికొందరు ప్రశ్నించిరి. థియోడర్ హాయిస్ అధ్యక్షుడుగా నుండగా 1957 జులై 26వ తేదీన వెలువడిన చట్టము మధ్యేమార్గమును త్రొక్కెను. యుద్ధపతకములను ధరింపవచ్చును; కాని స్వస్తికము ఉండరాదు. ఆస్ట్రియా, సుదేతెన్, మెమెల్ ప్రాంతముల ఆక్రమణకు గుర్తుగా ఈయబడిన పతకములకును, నాజీ పక్షపు బిరుదులకును ఆ అనుమతి లేదు.

అప్పుడు ల్యూడెన్‌షైడ్ వంటి పట్టణములందలి కర్మాగారములు క్రొత్త అచ్చులను సిద్ధముచేసినవి. ఇనుప శిలువలో స్వస్తికమునకు బదులు 1813 నాటి ఓకు ఆకులు తిరిగివచ్చినవి. గాయపడినవారి పతకమున శిరస్త్రాణము నునుపైనది. యుద్ధసేవా శిలువ నడుమ 1939 అను అంకె చేరినది. బంగారు తరగతి జర్మను శిలువ నడుమ స్వస్తికమునకు మారుగా చిన్న ఇనుప శిలువయే నిలిచినది.

కనుక ఓకు ఆకులున్నచో 1957 తరువాతిదని నిశ్చయింపవచ్చును. కాని స్వస్తికమున్నంతమాత్రమున యుద్ధకాలపుదని చెప్పరాదు. యుద్ధము ముగిసినను పాత అచ్చులు కొన్ని కార్ఖానాలలో మిగిలియుండెను. సేకర్తల సంతకొరకు వాటినుండి స్వస్తికముతోనే పతకములు తీయబడినవి. అచ్చు పాతది, ముద్ర క్రొత్తది. పరీక్షకునకు అసలు చిక్కు ఇచ్చటనే.

సూదంటురాయి తొలి సాధనము. ఇనుప శిలువ నడిమి భాగము ఇనుమైనచో దానికి అంటుకొనును. కాని 1957 తరువాతి వానిలోను ఇనుమే వాడుట కలదు. అందుచేత రాయికి అంటనిది సందేహాస్పదమగును గాని, అంటినంతనే పాతది కాజాలదు. రిబ్బను మరియొక సాక్షి. వస్త్రములకు తెల్లని మెరుపునిచ్చు రసాయనములు యుద్ధానంతరమే విరివిగా వాడుకలోనికి వచ్చినవి. అతినీలలోహిత దీపముక్రింద అట్టి దారము నీలముగా వెలుగును. అయితే పాత రిబ్బనును ఇటీవలి సబ్బుపొడితో ఉతికినను అదే వెలుగు వచ్చును. రిబ్బనును మార్చుట కూడ సులభమే.

వీటికంటె గట్టి సాక్ష్యము అచ్చులోని లోపము. ఉక్కు అచ్చు వేలకొలది దెబ్బలకు అలసి సన్నని పగులు వారును. ఆ పగులు ప్రతి పతకముపైనను ఉబ్బెత్తు గీతగా పడును. పగులు నానాటికి పెరుగునే గాని తరుగదు. కావున ఒకే అచ్చునుండి వెడలిన పతకములను ప్రక్కప్రక్కన పేర్చి, గీత లేనిది ముందు, చిన్నగీతది తరువాత, పెద్దగీతది ఆపైన అని వరుస కట్టవచ్చును. నిస్సందేహముగా 1957 తరువాతిదైన పతకము యొక్క వెనుకవైపు అచ్చున చిన్నగీత యుండి, స్వస్తికముగల పతకమున అదే గీత ఇంకను పెద్దదై యున్నచో, ఆ రెండవది యుద్ధకాలపుది కానేరదు. నాణెముల శాస్త్రజ్ఞులు చిరకాలముగా అనుసరించు పద్ధతియే ఇది.

తుదకు కాగితములు. మొదటి ప్రపంచయుద్ధమున భారతసైన్యమునకు ఈయబడిన పతకముల అంచున సైనికుని పేరు, సంఖ్య చెక్కబడియుండును. జర్మనులకు సామాన్యముగా అట్టి ఆచారము లేదు. అందుచే గౌరవమునకు ప్రమాణము లోహము గాదు, పురస్కారపత్రమును, సైనికుని వేతనపుస్తకమును. వానియందు నమోదైనవాడు 1957 తరువాత అంగడిలో క్రొత్త శిలువను కొని ధరించినను అతని హక్కు చెడదు.

వయస్సు వేరు, ప్రామాణ్యము వేరు. ఈ వివేకము మన దేశమున ప్రాచీనమైనదే. నేటి బంగ్లాదేశమందలి సిల్హెట్ ప్రాంతమున నిధన్‌పుర్‌లో దొరకిన తామ్రశాసనమును 7వ శతాబ్దమున కామరూపరాజగు భాస్కరవర్మ వేయించెను. అతని పూర్వుడగు భూతివర్మ యిచ్చిన దానశాసనము అగ్నిలో కాలిపోగా, దానికి మారుగా వేయించినది ఇది. లిపి మొదటిదానివలె లేకపోయినను, తిరిగి వ్రాయబడుటయే అందులకు కారణమనియు, అందుచే ఇది కూటశాసనము కాదనియు ఆ శాసనమే చెప్పుచున్నది.

ఓకు ఆకుల శిలువయు అట్టిదే. తాను 1957 తరువాతిదానినని అది దాచుకొనదు. ఆ ఆకులను గీకి స్వస్తికము నతికి, 1939 నాటిదని అమ్మినవాడే దానిని కూటమొనర్చును. ఒక జాతి తన గతములో దేనిని యెదపై నిలుపుకొనదలచెనో, దేనిని తీసివేయదలచెనో ఆ చిన్న శిలువ తెలుపుచున్నది. ఆ విధముగ అది 1939కి కాకపోయినను, 1957కు నిజమైన సాక్షియే.