ముప్పై ఆరు సెకన్ల ఉద్యోగం

"ఈ కాలం కుర్రాళ్ళకి పని మీద శ్రద్ధే లేదండీ" అన్న మాట మన మేనేజర్లతో మొదలవలేదు. 1972లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, లార్డ్స్‌టౌన్ కార్ల ఫ్యాక్టరీ గురించీ ఇదే అన్నారు.

జనరల్ మోటార్స్ అక్కడ వేగా అనే చిన్నకారు తయారుచేసేది. పనివాళ్ళలో చాలామంది ఇరవైల్లో ఉన్నవాళ్ళే. జీతం బాగానే ఉండేది. కానీ లైను వేగం గంటకి సుమారు 100 కార్లు! అంటే ఒక్కో కారుకీ దొరికేది 36 సెకన్లు. రోజంతా అదే బోల్టు, మళ్ళీ అదే బోల్టు. 1971లో కొత్త యాజమాన్య విభాగం వచ్చి మనుషుల్ని తగ్గించేసరికి, మిగిలినవాళ్ళ నెత్తిన పని పెరిగింది. 1972 మార్చిలో 22 రోజులు సమ్మె చేశారు. పేచీ జీతం గురించి కాదు, పనిభారం గురించి.

ఇదే కంపెనీ కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ ప్లాంటుని 1982లో మూసేసింది. గైర్హాజరీకీ, గొడవలకీ అది పెట్టింది పేరు. 1984లో టయోటాతో కలిసి నుమ్మి పేరుతో దాన్నే మళ్ళీ తెరిచారు. తీసుకున్నది చాలావరకు ఆ పాత పనివాళ్ళనే. అయితే ఈసారి లోపం కనిపిస్తే ఎవరైనా తాడు లాగి లైను ఆపొచ్చు. కొద్దికాలంలోనే నాణ్యతలో అది జీఎం మంచి ప్లాంట్లలో ఒకటైంది. గైర్హాజరీ బాగా తగ్గింది.

మనుషులు వాళ్ళే, యూనియనూ అదే. పనివాడి మాటకి విలువ మాత్రం పెరిగింది.

అందుకే నాదో చిన్న సలహా. మోటివేషన్ క్లాసులు పెట్టి టీషర్టులు పంచేముందు ఒకటి చూసుకోండి. మీ టీములో నిన్నగాక మొన్న చేరిన ఫ్రెషర్ "ఈ రిలీజు ఆపండి" అంటే ఆగుతుందా?