బందరు చేపలు, బయానా డబ్బులు

2025 జూన్ 5 నుంచి 8 దాకా మచిలీపట్నం దగ్గర మంగినపూడి ఒడ్డున మసులా బీచ్ ఫెస్టివల్ జరిగింది. ఉదయగిరి, ఆత్మకూరు సంఘాల నుంచి కొందరం చెక్క గరిటెలు సంచుల్లో వేసుకుని పోయినాం. అమ్మకం ఒక పని, చేపలు తినడం ఇంకో పని. ఉన్నమాట చెప్పాలి గదా!

మనకు చేప అంటే సోమశిల నీళ్ల చేప, లేదంటే సంతలో ఎండు నెత్తళ్లు. అక్కడ వంజరం వేపుడు, పీతల కూర, రొయ్యలు పక్కపక్కనే పొగలు కక్కుతున్నాయి. మాలో పెద్దామె "మామిడికాయ ముక్క వెయ్యని పులుసు కూడా పులుసేనా?" అని మూతి తిప్పింది. మళ్లీ రెండోసారి వడ్డించుకున్నదీ ఆమే.

ఆ ఊరిని బందరు అని కూడా అంటారు. పారశీక భాషలో బందరు అంటే రేవు. మన ఉదయగిరి దుర్గాన్ని కూడా ఏలిన గోల్కొండ సుల్తానులకు అదే పెద్ద రేవు. 1605లో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లీషువాళ్లు అక్కడ కొట్లు పెట్టినారు. వాళ్లు వచ్చింది చేపల కోసం కాదు, కలంకారీ బట్ట కోసం, నేత బట్ట కోసం. కరక్కాయ నీళ్లలో నానబెట్టి, చెక్క అచ్చులతో అద్దిన ఆ బట్ట ఓడలెక్కి పారశీక దేశానికి, జావా దీవులకు, ఐరోపాకు పోయేది.

కంపెనీవాళ్లు బట్ట కొనే పద్ధతి గురించి మనం తెలుసుకోవాలి. వర్తకుల చేత నేతగాళ్లకు ముందే డబ్బు ఇప్పించేవాళ్లు. అదే బయానా. బయానా తీసుకున్నాక బట్ట ఇంకొకరికి అమ్మకూడదు. నాణ్యం బాగలేదంటే వెనక్కి కొట్టేవాళ్లు, అప్పు మాత్రం నేతగాడి నెత్తినే ఉండేది. మగ్గం అతనిదే, నూలు వడికింది ఆడవాళ్లే, ధర మాత్రం కొనేవాడిది.

1864 నవంబరు 1న తుపాను ఉప్పెన ఆ ఊరిని ముంచేసింది. సుమారు 30 వేల మంది పోయినారు. ఆ తర్వాత రేవు మళ్లీ పాత దశకు రాలేదు.

రేవు పోయినా బయానా పోలేదు. ఒడ్డున ఎండుచేపలు అమ్ముకునే ఒకామెను "రేటు ఎంత చెప్తావక్కా?" అని అడిగినాను. "నేనెక్కడ చెప్తానమ్మా? వేటకు ముందే డబ్బులిచ్చినోడు చెప్తాడు" అనింది. పడవకు, వలకు, డీజిలుకు అప్పు ఇచ్చినాయనకే చేప పోవాలంట. ఆ మాట విన్నాక నాకు కూర రుచి సగం తగ్గింది.

అదే ఊళ్లో 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు ఆంధ్రా బ్యాంకు పెట్టినారు. మనలో చాలామంది మొదటి పాసుపుస్తకం మీద ఉండిన పేరు అదే. 2020లో అది యూనియన్ బ్యాంకులో కలిసింది. మన జిల్లాలో అయితే దారి వేరుగా మొదలైంది. కలిగిరి మండలం దూబగుంట ఆడవాళ్లు సారా మీద లేచినారు, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా ఆగింది. సారాకు పోకుండా మిగిలిన డబ్బుతో రోజుకో రూపాయి లెక్కన పొదుపులక్ష్మి సంఘాలు లేచినాయి. ఆ రూపాయి ఎవరి దగ్గరా చెయ్యి చాచకుండా ఉండడానికే.

మా గరిటెలు అన్నీ అమ్ముడుపోయినాయి. ఎండుచేపల ఆమె కూడా పులుసు గరిటె ఒకటి కొనుక్కుంది. ఆఖరి రోజు ఒక షాపాయన వచ్చి "వంద గరిటెలు కావాల, డబ్బు ఇప్పుడే తీసుకోండి" అన్నాడు. చేతికి నోట్లు తగిలితే ఎవరికి ఆశ ఉండదు? "ధర ఎవరు చెప్పాలన్నా?" అని అడిగినాను. ఆయన నవ్వినాడు.

మేం ఆ డబ్బు తీసుకోలేదు. చెక్క కొనడానికి సమాఖ్యనే అప్పు అడిగినాం. దరఖాస్తు పోయిన సమావేశంలో పెట్టినాం. తీర్మానం ఇంకా కావాల్సి ఉంది.