పడవకు నాలుగు నెలలే పని
గుదైబియాలో మనవాళ్లు నలుగురు కలిసి సెకండ్ హ్యాండ్ కాంక్రీట్ మిక్సర్ కొందామంటే, నేను ముందు బహ్రెయిన్ ముత్యాల పడవల లెక్క చెప్తాను.

ముత్యాల వేట పెద్ద సీజన్ ఎండాకాలంలో సుమారు నాలుగు నెలలు. పడవ, తాళ్లు, తిండి సరుకు, ఖర్చంతా ముందే. నోఖదా, అంటే పడవ కెప్టెన్, వ్యాపారి దగ్గర అప్పు తెచ్చి, అందులోంచే మునిగేవాళ్లకు అడ్వాన్స్ ఇచ్చేవాడు. మిగతా నెలలు పడవ ఒడ్డున ఉన్నా అప్పు ఊరుకోదు కదా! 1920లలో సంస్కరణలు వచ్చేదాకా, మునిగేవాడు చనిపోతే బాకీ కొడుకు మీద పడేది. మన ఊళ్లో జీతగాడి బాకీ లాంటిదే.

తర్వాత జపాన్ పెంపకపు ముత్యాలొచ్చాయి, 1929 మాంద్యం వచ్చింది. పడవ గట్టిగానే ఉంది, ముత్యానికే ధర లేదు. 1932లో చమురు పడ్డాక చాలామంది ఆయిల్ కంపెనీ జీతానికి వెళ్లారు.

మిక్సర్ ఏడాదిలో ఎన్ని రోజులు తిరుగుతుంది? ఖాళీగా ఉన్న రోజుల్లో వాయిదా ఎవరు కడతారు? నలుగురూ కాగితం మీద రాసుకున్నాక నన్ను పిలవండి.