పాటగా మారిన విశ్వాసము

టెక్కలి, పలాస, ఉద్దానము వాసులకు పర్లాకిమిడి పొరుగూరే. 1936లో అది ఒరిస్సాలో చేరినను, తెలుగుతో దాని బంధుత్వము తెగలేదు. ఆ ప్రాంతమున బ్రాహ్మణ కుటుంబమున వర్ధిల్లినవాడు పురుషోత్తమ చౌదరి (1803–1890).

తాను నేర్చిన పూజలును మంత్రములును ఆతని మనస్సునకు శాంతి నొసగలేదు. పాపవిముక్తి యెట్లు కలుగునను ప్రశ్న యాతనిని వేధించుచుండెను. క్రైస్తవ గ్రంథములు చదివి, తెలిసినవారి నడిగి, తుదకు 1833లో కటకమున బాప్తిస్మము పొందెను. అందులకు ఇల్లాలి యెడబాటును, బంధువుల కోపమును మూల్యముగా చెల్లింపవలసి వచ్చెను.

పిమ్మట ఆతడు ఊరూర సువార్త చెప్పెను. వాదగ్రంథములును వ్రాసెను, కాని జనుల నోట నిలిచినవి ఆతని కీర్తనలే. అవి నూటికి మించినవి. పల్లవి, చరణములతో మన రాగతాళములలో నుండుటచే, అక్షరము రానివారును వానిని కంఠస్థము చేసికొనిరి. నేటికిని తెలుగు ఆరాధనలలో అవి వినబడుచున్నవి.

తాను సంశయమున నలిగినవాడు ఇతరుల సంశయమును పరిహసింపడు. విశ్వాసము బలవంతమున నాటుకొనదు. వినువాని భాషలో ప్రేమతో చెప్పుట మన వంతు. నమ్ముట, మానుట వాని వంతు. ఏ మతమువారమైనను, పెద్దలమైన మనము ఈ నీతిని పిల్లలకు నేర్పుదము గాక!