చెరువు ఎవరి పేరు మీద ఉంది?



చెరువు వల్ల మనిషికి దెబ్బ తగిలినా, జబ్బు చేసినా బాధ్యత ఎవరిది? సొంతదారుడిదా? వినడానికి ఇది వకీళ్ళు తేల్చుకోవాల్సిన ప్రశ్నలా ఉంటుంది. కానీ దీని చరిత్రలో మన వాడలున్నాయి. అందుకే ఈ వారం దీని గురించి రాస్తున్నాను.

1860లో ఇంగ్లండులోని లాంకషైర్‌లో రైలాండ్స్ అనే మిల్లు యజమాని మిల్లు కోసం ఒక చెరువు కట్టించాడు. ఆ నీళ్ళు పాత గని గోతుల్లోంచి దిగి ఫ్లెచర్ అనే ఆయన బొగ్గు గనిని ముంచేశాయి. 1868లో ప్రభువుల సభ రైలాండ్స్‌దే బాధ్యత అంది. ముప్పు తెచ్చే దాన్ని తన భూమిలోకి తెచ్చిపెట్టుకున్నవాడు, అది బయటపడి చేసిన నష్టాన్ని తన తప్పు లేకపోయినా భరించాలి. అదీ సూత్రం.

ఆరేళ్ళకే ఈ వాదన మన గడ్డ మీది కేసులో వినిపించింది. నేటి చిత్తూరు జిల్లాలోని కార్వేటినగరం జమీందారు చెరువులు భారీ వర్షాలకు తెగి మద్రాసు రైల్వే కంపెనీకి నష్టం చేశాయి. కంపెనీ దావా వేసింది. 1874లో లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ జమీందారు పక్షాన తీర్పిచ్చింది. ఈ దేశంలో చెరువులు అనాదిగా సేద్యానికి ఆధారం, వాటిని తీసేసే హక్కు జమీందారుకు లేదు, కాపాడాల్సిన బాధ్యతే ఉంది, కాబట్టి నిర్లక్ష్యం రుజువు కానిదే నష్టపరిహారం లేదు అన్నారు.

ఆ తర్కం తప్పని నేననను. కానీ ఆ దావాలో ఎవరున్నారో చూడండి. ఒక పక్క జమీందారు, ఇంకో పక్క కంపెనీ. రాత్రీపగలూ కట్టకు కాపలా కాసి, తూము ఎత్తి, మడికి నీళ్ళు పారించిన నీరుగంటివాడు లేడు. చాలా ఊళ్ళలో ఆ పని చేసింది మన తాతలే.

1860 నాటి శిక్షాస్మృతిలో 277వ సెక్షన్ ఉండేది. నీటిని మురికి చేస్తే మూడు నెలల జైలు లేదా 500 రూపాయల జరిమానా, లేదంటే రెండూ. అయితే అది 'పబ్లిక్' నీళ్ళకే. మరి వాడ తాగే నీళ్ళు ఏ లెక్కలోకి వస్తాయి?

1985 జూలై 16న కారంచేడులో ఈ ప్రశ్న నెత్తుటిదాకా వెళ్ళింది. మాదిగలు తాగే చెరువు నీటిని మురికి చేస్తుంటే అడ్డుచెప్పారు. మున్నంగి సువార్త ఎదురు నిలబడింది. మర్నాడు కమ్మ భూస్వాముల దాడిలో ఆరుగురు మాదిగలు హతమయ్యారు. బతికినవాళ్ళు చీరాల చేరారు. ఆ పోరాటంలోంచే దళిత మహాసభ పుట్టింది.

నాలుగేళ్ళకు, 1989లో, అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. ఎస్సీ, ఎస్టీలు మామూలుగా వాడుకునే ఏ నీటి వనరునైనా ఇతరులు పాడుచేస్తే ఆరు నెలల నుంచి అయిదేళ్ళ జైలు. ఈ మాట గమనించండి. ఆ నీళ్ళు ఎవరి పేరు మీద ఉన్నాయని కాదు, ఎవరు వాడుకుంటున్నారని అడుగుతుంది. చట్టం చూపు సొంతదారుడి నుంచి తాగేవాడి వైపు తిరిగింది.

1996 డిసెంబరులో జగన్నాథ్ కేసులో సుప్రీంకోర్టు రొయ్యల చెరువుల మీద తీర్పిచ్చింది. పట్టా భూమిలో తవ్వుకున్నా సరే, పక్కవాళ్ళ తాగునీరు ఉప్పబడితే, పొలం చవుడు బారితే పరిహారం చెల్లించాలంది. కాలుష్యం చేసినవాడే ఖర్చు భరించాలి. తర్వాత 2005లో వచ్చిన చట్టం, తీరం దగ్గర ఆ తీర్పు పెట్టిన కట్టడిని సడలించింది. రొయ్యల వ్యాపారం నిలబడింది. బిందె పట్టుకుని దూరం నడిచే మన ఆడవాళ్ళ నడక అలాగే ఉంది.

విద్యార్థి మిత్రులకు ఒక మాట. మీ వాడ నీళ్ళు పాడైతే పరీక్ష చేయించి కాగితం తీసుకోండి. ఆ నీళ్ళు ఏ ఇళ్ళవాళ్ళు వాడుతున్నారో పేర్లు రాయండి. ఫిర్యాదు రాతపూర్వకంగా ఇచ్చి రసీదు అడగండి. 'చెరువు ఎవరి పేరు మీద ఉంది?' అని ఎవరైనా అడిగితే, 'తాగేది మేము' అని చెప్పండి.

జై భీమ్.