మల్ల మునుగుమన్న ముచ్చట

ఆ తుమ్మమొద్దు ఇంకింత లోపలికి నూకు బిడ్డా, పొగొస్తుంది. ఏందీ, మీ తాతమ్మ బాప్తిస్మం లొల్లి చెప్పాల్నా?

1889ల రష్యా దేశంకెల్లి బయలెల్లి వచ్చిన అబ్రహాం ఫ్రీసెన్ దొర మన నల్లగొండల పని మొదలువెట్టిండు. ఆయన మెన్నోనైటు, పని చేసింది అమెరికా బాప్టిస్టు మిషను కింద. గప్పటికెల్లి ఈడ తండ్రి కుమార పరిశుద్ధాత్మ నామంల ముంచుడే. మా అమ్మనూ చెరువుల గట్లనే ముంచిండ్రు. సలికాలం. తడికొంగు నెత్తికి అతుక్కొని, పండ్లు టకటక కొట్టుకుంట గట్టెక్కిందట.

కొన్నేండ్లకు పాలమూరు దిక్కుకెల్లి ‘యేసు నామం’ పాస్టరొకాయన దిగిండు. పేతురు యేసుక్రీస్తు నామంల బాప్తిస్మం పొందుమన్నడు, మీ మూడు పేర్లది చెల్లదన్నడు. మా పాస్టరు ఆ మూడు పేర్లున్న మత్తయి 28 తెరిచిండు. ఒక్క కందీలు, రెండు బైబిళ్లు, తెల్లందాక పంచాది.

గీ పంచాది శానా పాతది. తండ్రీ కొడుకూ ఆత్మా వేరుగాదు, ఒక్కడే అని సబెల్లియుసు అన్నడు. అలెగ్జాండ్రియాల అరియుసేమో, కొడుకును తండ్రి పుట్టిచ్చిండు, కొడుకు లేని కాలం ఒకటుండె అన్నడు. ఉత్తగ చెప్పి ఊకున్నడా? పాటలు కట్టిండు. ఓడలోళ్లు, తిరగలి తిప్పేటోళ్లు పాడిండ్రట! నాట్లకాడ పాట ఒక మడికెల్లి ఇంకో మడికి పోయినట్టు పాకింది. 325ల కాన్‌స్టంటైన్ రాజు నైసియాల 300 మంది దాక బిషపులను కూసోవెట్టిండు. తండ్రిదేదో కొడుకుదీ అదే తత్వమని తేల్చిండ్రు. తేలిందా? ‘అదే తత్వం’, ‘అసుంటి తత్వం’ – వాళ్ల గ్రీకుల ఒక్క అక్షరం తేడా. దాని మీద 381 దాక కొట్లాటే. ‘అదే’ అన్న అతనాసియుసు బిషపును 5 మాట్ల ఊరెళ్లగొట్టిండ్రు. ఇంకో తమాషా ఇను. సభ వెట్టిన ఆ రాజే సచ్చేముందు, 337ల, అరియుసు దిక్కు మాట్లాడే బిషపు చేతులనే బాప్తిస్మం తీసుకున్నడు.

తెల్లారంగ మా అమ్మ పాలు పిండుకొని వస్తుంటే ఆపిండ్రు. “మల్ల మునుగుతవా అమ్మా?”

చెంబు కింద వెట్టింది. “ముగ్గురి పేర్లు చెప్పి ముంచిరి గదా, అండ్ల యేసయ్య లేడా?”

“ఉన్నడు.”

“ఉంటే మల్ల నీళ్లెందుకయ్యా? నాకున్నయే రెండు చీరలు, ఒకటి తడిసే ఉంది.”